పదిహేనో కార్డు

పొద్దున్నే ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని శ్రీవల్లి అడిగిన మాటకి చెన్నకేశవులు ఔననలేదు, కాదనలేదు. చట్నీ అయిపోయిందేమో చూస్తున్నట్టు గిన్నెలోకి చూశాడు.

"వినపడిందా నాన్నా? ఇయ్యాల నెలాఖరు. పద్నాలుగు అయినయ్. ఇంకొక్కటి కావాలి. రఫీక్ బాబాయ్ నువ్వు చెబితే తీసుకుంటాడు."

"వినపడింది."

"మరి?"

"షాపు కాడికి రా. చూద్దాం."

వంటింట్లోంచి భార్య యశోద గరిటె ఎత్తినంత పని చేసింది. "చూసేదేంది? ఆ పిల్ల ఆర్నెల్లనించీ ఎండలో తిరిగి నల్లబడిపోయింది. ఒక్క మాట చెబితే నీ నోరేమన్నా అరిగిపోయిద్దా?"

చెన్నకేశవులు చెయ్యి కడుక్కుని సైకిలెక్కాడు.

శ్రీవల్లి బీకాం చదివింది. గుంటూరులో ఆఫీసున్న ఏజెన్సీ ఒకటి ఏదో బ్యాంకు క్రెడిట్ కార్డుల కోసం మనుషుల్ని పెట్టుకుంటుంటే చేరింది. కార్డులు అమ్మే ఉద్యోగం అని ఆ పిల్ల అంటుంది, అంటగట్టే ఉద్యోగం అని వాళ్ళమ్మ అంటుంది. ముందు కొన్నాళ్ళు ట్రయలు. ఆ తర్వాత వరుసగా మూడు నెలలు, నెలకి పదిహేను కార్డులు చొప్పున చేయిస్తే పర్మినెంటు చేస్తారు. జీతం, పీఎఫ్, ఇన్సూరెన్సు అన్నీ వస్తాయి. ఏ నెల ఒక్కటి తగ్గినా మెడలో ఉన్న ఐడీ పట్టీ తీసి ఇచ్చేసి ఇంటికి పోవాలి. రెండు నెలలు గట్టెక్కింది. మూడో నెల పద్నాలుగు దగ్గర ఆగింది. బరంపేటలో వాళ్ళుండే రెండు గదుల అద్దె ఇప్పుడు ఆ పిల్ల తెచ్చే డబ్బుల్లోంచే పోతోంది. తండ్రి మోటార్లు చుట్టి తెచ్చేది సరుకులకి సరిపోతే గొప్ప.

ఆ ఇంట్లో కార్డు కథ ఎవరికీ కొత్త కాదు. దాచిపెట్టిందీ లేదు. దాచడానికేముంది, షాపే పోయాక!

ఆ షాపు పల్నాడు రోడ్డులో ఉండేది. ఇప్పటికీ అక్కడే ఉంది, బోర్డు మీద పేరే మారింది. చెన్నకేశవులు తొమ్మిదో క్లాసు మధ్యలో బడి మానేసి ఒక మేస్త్రీ కింద చేరి, కాలిపోయిన బోరు మోటార్లకి రాగి తీగ తిరగ చుట్టడం నేర్చుకున్నాడు. తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. ఈ యాపారంలో ఒక తిరకాసుంది. మోటారు కాలేది మండుటెండల్లో, పైరు మీద నీళ్ళు కావాల్సినప్పుడు. రైతు దగ్గర డబ్బుండేది పత్తి అమ్మాక, మిరపకాయ గుంటూరు యార్డుకి పోయాక. మధ్యలో ఆర్నెల్లు మోటారు బిల్లు అప్పు. ముప్పాళ్ళ వాడైనా, దాచేపల్లి అవతలి వాడైనా, 'రాసుకో మేస్త్రీ, పత్తి తియ్యంగానే ఇస్తా' అంటాడు. ఇస్తాడు కూడా. ఎగ్గొట్టినవాళ్ళు తక్కువ. కానీ రాగి తీగ అమ్మే సేటు అన్నాళ్ళు ఆగడు.

అట్లాంటప్పుడు కరెంట్ అకౌంటున్న బ్యాంకులోంచి ఒక కుర్రాడొచ్చి కార్డిచ్చాడు. జన్మంతా ఫ్రీ అన్నాడు. సార్ అని పిలిచాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి సార్ అని పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు.

మొదటి మూడు నాలుగు నెలలూ బిల్లు మొత్తం కట్టేశాడు. తర్వాత తన తల్లికి ఆపరేషన్ పడింది, ఆసుపత్రిలో గీకాడు. దానిమీద తీగకి గీకాడు. బిల్లు లక్షా ఎనభై వేలు దాటింది. చేతిలో అంత లేదు. బిల్లు కింద ఇంకో అంకె ఉంది, తొమ్మిది వేలు. ఇదేందని ఆ కుర్రాణ్ణి అడిగితే, "అది మినిమమ్ సార్. అది కట్టేస్తే మీకే ప్రాబ్లమూ ఉండదు" అన్నాడు.

చెన్నకేశవులికి అదేంటో వెంటనే అర్థమైపోయింది. అంటే, అర్థమైందనుకున్నాడు. పల్నాట్లో ప్రోనోటు రాసినవాడెవడికైనా అలాగే అర్థమవుతుంది. అసలు అట్లా ఉంటుంది. ఏడాదికో పంటకో వడ్డీ కడతాం, ప్రోనోటు వెనక చెల్లు వేయించుకుంటాం, అప్పిచ్చినవాడు మంచినీళ్ళిచ్చి పంపుతాడు. వడ్డీ తప్పకుండా కట్టేవాడు మర్యాదస్తుడు. అసలు వీలైనప్పుడు తీరుస్తాడు. ఇదీ అంతేననుకున్నాడు. తొమ్మిది వేలు వడ్డీ, లక్షా ఎనభై అసలు. వడ్డీ నెలనెలా కడుతూ, పత్తి డబ్బులు రాగానే అసలు పడేస్తే సరి.

రెండేళ్ళు ఒక్క నెల తప్పకుండా కట్టాడు. బ్యాంకుకి నడిచిపోయి, క్యూలో నిలబడి కట్టాడు. 'మనం ఇంతవరకు ఒక్క రోజు లేటు చెయ్యలా' అని షాపులో చెప్పుకునేవాడు. కట్టింది రెండు లక్షలు దాటింది. బాకీ మాత్రం కదల్లేదు. నెలనెలా కట్టినదాంట్లో ఏడున్నర వేలు దాకా వడ్డీకీ వడ్డీ మీద పన్నుకీ పోయేది, మిగిలింది అసల్లో తగ్గేది, ఈలోగా తీగకి గీకింది దాన్ని మళ్ళీ నింపేది. పైగా పాత బాకీ ఉన్నవాడికి కొత్తగా గీకిందానికి గడువుండదట, గీకిన రోజునించే వడ్డీయట. నెలకి నూటికి మూడున్నర రూపాయలు. పేటలో ఎవడన్నా మూడు రూపాయల వడ్డీకి ఇస్తే వాడి పెళ్ళాంపిల్లల్ని కూడా కలిపి తిడతారు జనం. మూడున్నరకి ఇచ్చినవాడు సార్ అని పిలిచి, పుట్టినరోజుకి మెసేజీ పంపాడు.

మూడో ఏడు వానలు విరగబడి కురిశాయి. మోటార్లు కాల్లేదు. పత్తి నీళ్ళలో నాని నల్లబడిపోయి, పాత అప్పులు రాలేదు. మూడు నెలలు తప్పాడు. ఆ తర్వాత వచ్చిన ఫోన్లలో సార్ అనే మాట లేదు. కొన్ని ఫోన్లు రఫీక్ ఎత్తాడు. అప్పటికి వాడు షాపులో పనోడు. ఏమన్నారో వాడు చెప్పలేదు, ఈయన అడగలేదు. చివరికి షాపూ సామానూ రఫీకే కొన్నాడు, వాళ్ళ బావమరిది ఖతర్ నుంచి పంపిన డబ్బులతో. సెటిల్మెంటు చేసుకున్నాక బ్యాంకు సిబిల్ లెక్కల్లో చెన్నకేశవులు పేరు పక్కన ఏదో మచ్చ పెట్టింది. ఇక ఏ బ్యాంకూ పైసా ఇవ్వదు.

ఇప్పుడు అదే షాపులో, అదే కుర్చీలో కూర్చుని, మోటారుకింత అని తీసుకుని చుడతాడు. రఫీక్ ఇప్పటికీ మేస్త్రీ అనే పిలుస్తాడు.

శ్రీవల్లి ఉద్యోగంలో చేరిన కొత్తలో గుంటూరులో ట్రైనింగిచ్చారు. తిరిగొచ్చిన రోజు అన్నం తింటూ చెప్పింది. "నాన్నా, బిల్లు మొత్తం కట్టేసేవాళ్ళ మీద కంపెనీకి పెద్దగా ఏం రాదంట. షాపువాడు ఇచ్చే రెండు శాతం, అంతే. కొద్దికొద్దిగా కట్టేవాళ్ళే అసలు కస్టమర్లంట. మానెయ్యకుండా, తీర్చకుండా, కొన్నేళ్ళు కట్టేవాళ్ళు."

"అయితే నేను చానా మంచి కస్టమర్నన్నమాట" అన్నాడు చెన్నకేశవులు.

యశోద నవ్వింది. శ్రీవల్లి నవ్వలేదు. అన్నం కలుపుకుని తినేసింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, పొద్దున లేచి పట్టీ మెడలో వేసుకుని వెళ్ళింది. వెళ్ళక ఏం చేస్తుంది? పేటలో బీకాం పిల్లకి బట్టల షాపులో ఇచ్చేది ఎంతో అందరికీ తెలుసు.

సాయంత్రం నాలుగింటప్పుడు శ్రీవల్లి స్కూటీ షాపు ముందు ఆగింది. లోపల కాలిన వార్నిష్ వాసన. ముప్పాళ్ళ నుంచి మోటారు తెచ్చిన బసవపున్నయ్య అనే రైతు బెంచీ మీద కూర్చుని, అది ఎప్పుడవుతుందని పదోసారి అడుగుతున్నాడు.

"అయిపోయిద్ది పెద్దాయనా. నువ్వట్టా కాపలా కూచ్చుంటే మోటారు సిగ్గుపడుద్ది" అన్నాడు రఫీక్. తర్వాత శ్రీవల్లిని చూసి లేచాడు. "రా పాపా, రా. టీ తాగుతావా?"

"వద్దు బాబాయ్. ఇప్పుడే తాగా."

"ఎవరీ పాప? మేస్త్రీ కూతురా?" అన్నాడు బసవపున్నయ్య. "ఏం చేస్తన్నావమ్మా?"

"క్రెడిట్ కార్డులు ఇప్పిస్తాను తాతా."

"నాకియ్యవా మరి?"

"ఐటీ రిటర్న్ ఉందా తాతా మీకు?"

"నాకు రిటర్న్ వచ్చేది మోటారొక్కటే తల్లీ. ఏటేటా వచ్చుద్ది" అని ముసలాయన పొట్ట పట్టుకుని నవ్వాడు. రఫీక్ కూడా నవ్వాడు. చెన్నకేశవులు తీగ చుట్టడం ఆపలేదు.

శ్రీవల్లి స్టూలు మీద కూర్చుని ట్యాబు తీసింది. అలవాటైన మాటలు, అలవాటైన వరుసలో చెప్పుకుపోయింది. రఫీక్ ఐటీ కడతాడు, కరెంట్ అకౌంటుంది, మంచి లిమిట్ వస్తుంది. నలభై అయిదు రోజుల దాకా వడ్డీ ఉండదు. తీగ ఇప్పుడు తెచ్చుకుని డబ్బు తర్వాత కట్టుకోవచ్చు. ఏడాదికి రుసుమేం లేదు.

రఫీక్ చెవి గోక్కున్నాడు. "సేటు మొన్ననించి నగదైతేనే తీగిస్తానంటన్నాడు పాపా. రాగి రేటు చూశావుగా, బంగారం అయిపోయింది. ఇదుంటే పనికొచ్చేదే." ట్యాబు వంక చూశాడు. "పోయిన నెల ఇద్దరు బ్యాంకోళ్ళొచ్చారు, పంపించేశా. మన పాపవి కాబట్టి ఆలోచిస్తన్నా."

"తీసుకో బాబాయ్. నాక్కూడా ఇదొక్కటే తక్కువ."

"ఇదొక్కటేనా?"

"ఇయ్యాలే ఆఖరు. అయితే పర్మినెంటు. కాకపోతే ఇంటికే."

ఆ మాట శ్రీవల్లి ఏడుస్తూ అనలేదు. ఏ బస్సు ఎన్నింటికో చెప్పినట్టు అంది. రఫీక్ ఆ పిల్ల వంక చూశాడు, తర్వాత కుర్చీలో వంగి ఉన్న మనిషి వంక చూశాడు.

"మేస్త్రీ. నువ్వేమంటావు? నువ్వు తీసుకో అంటే ఇప్పుడే వేలేస్తా."

రఫీక్ మూడో తరగతి. సంతకం చేస్తాడు గానీ, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టే ముందు అది చెన్నకేశవులు చేతిలో పెట్టి మొహం చూస్తాడు. గది అద్దె కాగితమైనా, కరెంటోళ్ళ కాగితమైనా. షాపు కొన్న కాగితం కూడా అలాగే పెట్టాడు. 'అమ్మేవాణ్ణి నేనేరా, నన్ను అడుగుతావేంది' అంటే, 'నువ్వు చెబితేనే పెడతా' అన్నాడు.

చెన్నకేశవులు తీగ కట్ చేసి పక్కన పెట్టాడు. చెప్పాల్సింది ఒక్క మాట. తీసుకోరా అంటే చాలు. యశోద అన్నట్టు నోరేం అరగదు. కూతురు ట్యాబు ఒళ్ళో పెట్టుకుని తనవంకే చూస్తోంది. అడుక్కుంటున్నట్టు లేదు ఆ చూపు. ఎటైనా సరే తొందరగా తేలిపోతే బాగుండు అన్నట్టుంది.

"వద్దురా" అన్నాడు.

మళ్ళీ తీగ చేతిలోకి తీసుకున్నాడు.

"నీ డబ్బంతా ఊళ్ళల్లో ఉంటది. ఈ పెద్దాయన మోటారు డబ్బులు ఎప్పుడిస్తాడు?"

"పత్తి తియ్యంగానే ఇస్తా" అన్నాడు బసవపున్నయ్య అడక్కుండానే.

"చూశావా. కార్డు బిల్లు పత్తి తీసిందాకా ఆగదు. నెలకోసారి తారీఖుకొచ్చుద్ది. చేతిలో లేక నువ్వు చిన్న అంకె కడతావు. కట్టేశాలే అనుకుంటావు. ఇంకెందుకులే, నీకు తెలుసు."

"తెలుసు మేస్త్రీ" అన్నాడు రఫీక్ నెమ్మదిగా. శ్రీవల్లి వైపు తిరిగాడు. "ఏమనుకోమాక పాపా."

"లేదు బాబాయ్." ఆ పిల్ల ట్యాబు బ్యాగులో పెట్టుకుంది. జిప్పు వేసింది. వెళ్ళబోయి గుమ్మంలో ఆగి, "నాన్నా, ఆ మోటారు అయిపోయాక నాతో షోరూం దాకా వస్తావా? నిన్న ఎవడో తాగొచ్చి టేబుల్ ముందు నించుని గంట మాట్లాడాడు. పక్కన ఎవరన్నా ఉంటే రారు" అంది.

కోపం లేదు ఆ గొంతులో. తిట్టి ఉంటే బాగుండేదని కూడా చెన్నకేశవులికి అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. బసవపున్నయ్య మోటారు ముగించి, టెస్టింగ్ లైటు పెట్టి చూసి, చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని స్కూటీ వెనక కూర్చున్నాడు.

టీవీలూ ఫ్రిజ్‌లూ అమ్మే పెద్ద షోరూం అది. గుమ్మం పక్కన శ్రీవల్లి టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, వెనకాల నిలువెత్తు పోస్టరు. పోస్టర్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరు పిల్లలూ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. చెన్నకేశవులు ఒక కుర్చీ కొంచెం పక్కకి లాక్కుని కూర్చున్నాడు. వచ్చేవాళ్ళు ఏసీ గాలి తగలగానే లోపలికి పోతున్నారు. శ్రీవల్లి "సార్, ఒక్క నిమిషం" అంటోంది. ఆ ఒక్క నిమిషం ఎవరి దగ్గరా లేదు.

ఫోన్ మోగింది. టీం లీడరు అరుణ్ కుమార్. శ్రీవల్లి కన్నా రెండేళ్ళు పెద్దేమో. ఫోన్ స్పీకర్లో లేకపోయినా పక్కనున్నవాడికి వినపడేంత గొంతు.

"ఏంటమ్మా, పద్నాలుగు దగ్గరే నిద్రపోయావా?"

"లేదు సర్. చేస్తున్నా."

"నీకోసం ఎనిమిదింటి దాకా సిస్టం ఓపెన్ ఉంటది. తర్వాత నేను కూడా ఏం చెయ్యలేను. నీ చుట్టాలెవరూ లేరా? మీ నాన్నది చేయించెయ్."

"మా నాన్నది అవ్వదు సర్."

"ఎందుకవ్వదు?"

"సిబిల్ లేదు సర్."

అవతల నవ్వు వినపడింది. "ఓకే ఓకే. పదిహేను కాకపోతే రేపు ఐడీ ఆఫీసులో ఇచ్చెయ్" అని పెట్టేశాడు.

శ్రీవల్లి తండ్రి వైపు చూడలేదు. సీసాలో నీళ్ళు తాగింది. మూత పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయనా తాగాడు.

ఏడు దాటాక ఒక జంట లోపల్నించి బయటికొచ్చింది. కుర్రాడి చొక్కా జేబు మీద దాచేపల్లి దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ పేరు కుట్టి ఉంది. పిల్ల చంకలో ఏడాది లోపు బిడ్డ. సేల్స్ కుర్రాడు వాళ్ళని వెంటబెట్టుకుని టేబుల్ దాకా తెచ్చి, "మేడం, వీళ్ళకి మన కార్డు చేస్తే ఫ్రిజ్ మీద ఐదు వేలు తగ్గిద్దిగా, చెప్పండి" అని వదిలేసి వెళ్ళాడు.

కుర్రాడి పేరు సుధీర్ బాబు. కాంట్రాక్టు మీద చేసి చేసి ఈ మధ్యే ఫ్యాక్టరీ పర్మినెంటు రోల్స్‌లోకి వచ్చాడు. జీతం బ్యాంకులో పడుతుంది. శ్రీవల్లి గొంతు ఒక్కసారిగా తేలికైంది. పేరు, ఆధార్, జీతం చీటీ. అయిదు నిమిషాల్లో ఫోన్లోనే కార్డొస్తుంది, ఇప్పుడే వాడుకోవచ్చు. ఫ్రిజ్ డబ్బు తొమ్మిది నెలలు, వడ్డీ లేదు.

"వడ్డీ లేదంటే ఎట్టాగండీ?" అంది చంకలో బిడ్డ ఉన్న పిల్ల. ఆ పిల్ల పేరు లహరి, మొగుడు అలా పిలిచాడు. "ఐదు వేలు తగ్గించి, వడ్డీ కూడా తీసుకోకపోతే మీకేంది లాభం?"

"షాపువాళ్ళు మాకు కమిషన్ ఇస్తారు మేడం."

"అంతేనా?"

"అంతే మేడం."

"ఏమో బాబూ. మా పక్కింటోళ్ళు ఏదో యాప్‌లో తీసుకుని ఊరొదిలి పోయారు."

"అది యాపు, ఇది బ్యాంకే" అన్నాడు సుధీర్ బాబు. అతని కళ్ళు లోపలున్న ఫ్రిజ్ మీదే ఉన్నాయి. "పాలు విరిగిపోతన్నయ్యని రోజూ గోలచేసేది నువ్వేగా?"

లహరి బిడ్డని ఇంకో చంకకి మార్చింది. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కనపడ్డాడు. చేతులకి వార్నిష్ మరకలు, నెరిసిన గడ్డం. బ్యాంకువాడిలా లేడు.

"బాబాయ్, మీరూ ఈ కార్డు కోసమే వచ్చారా?"

చెన్నకేశవులు తలెత్తాడు. శ్రీవల్లి ట్యాబులో ఏదో నొక్కుతోంది. మా నాన్న అని చెప్పలేదు. నొక్కడానికి అక్కడేమీ లేదని ఆయనకి తెలుస్తూనే ఉంది.

"నాకుందమ్మా" అన్నాడు.

"ఇబ్బందేం పెట్టరా? మీకు అలవాటుంటది కాబట్టి అడుగుతన్నా, ఏమనుకోమాకండి."

"నెలనెలా కట్టుకుంటే ఏం పెడతారమ్మా."

నెలనెలా మొత్తం కట్టుకుంటే అనాలి. మొత్తం అనే మాట అనలేదు. అనకూడదని కూడా అనుకోలేదు. రఫీక్ ముందు నోరు దానంతటదే తెరుచుకుంది, ఇక్కడ దానంతటదే మూసుకుంది. ఈ కుర్రాడు రఫీక్ కాదు. వీడి మొహం ఆయన అంతకుముందు చూడలేదు, రేపు చూడడు. వీడికి నెల జీతం, పత్తి దాకా ఆగక్కర్లేదు, కట్టేస్తాడేమో. ఫ్రిజ్ ఒక్కటే కొంటాడేమో. బిడ్డకి జ్వరమొచ్చిన రోజు గీకడేమో. ఇవన్నీ ఆయన అనుకున్నాడో లేదో గానీ, అనుకున్నా పైకి ఒక్కటీ రాలేదు.

"చూశావా" అన్నాడు సుధీర్ బాబు పెళ్ళాంతో. "పెద్దాయనే చెబుతున్నాడు."

"సరే కానీ. నేను చెబితే వింటావా ఏందీ" అంది లహరి, కానీ గొంతులో బిగువు తగ్గింది. రెండో కుర్చీలో కూర్చుని బిడ్డకి నీళ్ళ సీసా పట్టింది.

ఆధార్ ఫొటో తీసింది శ్రీవల్లి. జీతం చీటీ ఫొటో తీసింది. కుర్రాణ్ణి పోస్టరు ముందు నిలబెట్టి మొహం ఫొటో తీసింది. ఫోన్‌కి వచ్చిన అంకెలు అతను చదివాడు, ఆమె కొట్టింది. చివర్లో ట్యాబు ఆగింది.

"సార్, రిఫరెన్స్ ఒకటి కావాలి. మీ ఇంట్లోవాళ్ళు కాకుండా, తెలిసినవాళ్ళ నంబరు."

సుధీర్ బాబు ఫ్యాక్టరీలో స్నేహితుడికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఇంకొకడికి చేశాడు. "వాడిది నైట్ డ్యూటీ, ఫోన్ గేటు కాడ పెట్టేస్తారు" అన్నాడు. శ్రీవల్లి గోడ గడియారం చూసింది. ఎనిమిదికి ఎంతో లేదు.

"దేనికండీ నంబరు?" అంది లహరి.

"ఊరికే మేడం. మీ ఫోన్ కలవకపోతే కనుక్కోడానికి."

ఆ 'కనుక్కోడం' ఎలా ఉంటుందో చెన్నకేశవులికి తెలుసు. తను కార్డు తీసుకున్నప్పుడు తోడల్లుడి నంబరిచ్చాడు, తను తప్పినప్పుడు ఆ ఫోన్లు అక్కడికీ పోయాయి. తోడల్లుడు ఇప్పటికీ ఆయనతో మాట్లాడడు.

"అయితే ఈ బాబాయ్ నంబరే వేసుకోండి" అంది లహరి. "ఏం బాబాయ్, ఇస్తారా? మనదీ పల్నాడేగా. తెలిసినవాళ్ళే అయిపోయాం."

శ్రీవల్లి వేళ్ళు ట్యాబు మీద ఆగాయి. ఒక్క క్షణం. తర్వాత తలెత్తి తండ్రి మొహంలోకి చూసింది. షోరూంకి వచ్చాక అదే మొదటిసారి సూటిగా చూడడం.

"నంబర్ చెప్పండి సార్" అంది.

ఆ నంబరు ఆ పిల్లకి నాలుగేళ్ళప్పుడే వచ్చు. బళ్ళో తప్పిపోతే చెప్పాలని ఆయనే నేర్పాడు.

చెన్నకేశవులు చెప్పాడు. ఒక్కో అంకె, నెమ్మదిగా, కొత్తవాళ్ళకి చెప్పినట్టు. ఆమె ఒక్కో అంకె కొట్టింది. మధ్యలో ఒకచోట "మళ్ళీ చెప్పండి" అంది. చెప్పాడు. పేరు అడిగింది. పేరు కూడా చెప్పాడు. చుట్టరికం అన్నచోట తెలిసినవారు అని ఉన్నదాని మీద నొక్కింది.

ట్యాబు కాసేపు తిరిగి, పచ్చటి గుర్తు చూపించింది. సుధీర్ బాబు ఫోన్లో కార్డు బొమ్మ వచ్చింది, దాని మీద అతని పేరు. "ఇదిగో, ఇదిగో" అని పెళ్ళానికి చూపించాడు. బిడ్డ ఆ ఫోన్ పట్టుకోబోయింది. ముగ్గురూ లోపలికి వెళ్ళారు. కాసేపటికి ఇద్దరు మనుషులు ఫ్రిజ్ అట్టపెట్టె మోసుకొచ్చి టాటా ఏస్‌లోకి ఎక్కించారు. ముందు సీట్లో బిడ్డతో ఇరుక్కుని కూర్చున్న లహరి చెయ్యూపింది.

"వస్తాం బాబాయ్!"

"మంచిదమ్మా" అన్నాడు చెన్నకేశవులు.

శ్రీవల్లి ఫోన్ చేసింది. "సర్, పదిహేను" అంది. అవతల ఏమన్నారో ఈసారి వినపడలేదు. "థాంక్యూ సర్" అని పెట్టేసి పోస్టరు చుట్టడం మొదలుపెట్టింది. చెన్నకేశవులు రెండో కొస పట్టుకున్నాడు. టేబులు మడిచి షోరూం లోపల పెట్టారు. స్కూటీ మీద ఇద్దరూ బయల్దేరారు. దారిలో పెట్రోలు పోయించారు. మెడికల్ షాపు దగ్గర ఆగి యశోద బీపీ బిళ్ళలు తీసుకున్నారు.

ఇంటికొచ్చాక శ్రీవల్లి స్నానానికి వెళ్ళింది. యశోద కంచం పెడుతూ అడిగింది.

"అయిందా?"

"అయింది."

"రఫీక్ తీసుకున్నాడా?"

"లేదు."

"మరెవరు?"

"ఎవరో. దాచేపల్లి వాళ్ళు."

"పోన్లే" అంది యశోద. అన్నం వడ్డించింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని అడిగింది.

సరిపోయిందన్నాడు.